పంతొమ్మిదో నంబరు దీపం

కటుంగె భయం ఒక్కటే. ఈ ఇంట్లో తను ఏ మధ్యాహ్నమో పడిపోతే ఆ సంగతి పక్కింటికి కూడా చేరదు. నాలుగేళ్ళ కూతురు, కనీని, తల్లి పక్కన కూర్చుని, అమ్మ లేస్తుందిలే అని ఎదురు చూస్తూ ఉండిపోతుంది.

ఒకసారి అయింది కూడా. ఆగస్టులో స్నానాల గదిలో కాలు జారింది. తల గోడకి తగిలింది. మధ్యాహ్నం పడితే, తెలివి వచ్చేసరికి కిటికీలో చీకటి పడింది. ఒంటి మీద కనీని దుప్పటి, పక్కన కొరికి పెట్టిన రొట్టె ముక్క. తులీవు గార్డెన్స్‌లో రెండు వందల ఇళ్ళు. ఒక్కరూ రాలేదు.

ఆ సంగతి మొగుడికి ఇవాళ్టి దాకా చెప్పలేదు.

ఇప్పుడు, శనివారం పొద్దున, ఆ మొగుడు, ముసెంబి, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా తులీవు కమిటీ వాళ్ళ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. వారమంతా మొంబాసా రేవులో పని. శుక్రవారం రాత్రి రైలు దిగి ఇంటికొచ్చేసరికి ఆ కాగితం తలుపు సందులో ఉంది.

"చదవనా?" అన్నాడు.

"నాకూ చదవడం వచ్చు."

"వచ్చు. బుర్రకెక్కించుకోవడమే రాదు. విను. 'పద్దెనిమిదో నంబరు ఇంటావిడ ఈ వారం మూడుసార్లు, ఎవరూ లేని పంతొమ్మిదో నంబరు ముందు నిలబడి హోడీ, హోడీ అని కేకలు పెట్టారు. ఇది సంత కాదు.' సంత కాదట! ఇంగ్లీషులో ఎంత మర్యాదగా తిట్టారో చూశావా?"

"ఇంటి ముందు నిలబడి హోడీ అనడం తప్పా? లోపలివాళ్ళు కరీబు, లోపలికి రండి అంటే వెళ్దామని పిలిచాను. మీ అమ్మ నేర్పిందే అది."

"లోపలెవరున్నారు, కనీని అమ్మా? వాచీ ఇల్లది!"

ఇళ్ళు కొనుక్కుని, తాళాలేసి, విమానాలెక్కి పోయినవాళ్ళు తులీవులో నలభై మంది దాకా ఉన్నారు. దొంగలు పసిగట్టకుండా కమిటీ ఆ ఇళ్ళ దీపాలకి గడియారాలు బిగించింది. పొద్దుగూకే వేళకి వాటంతటవే వెలుగుతాయి, పదింటికి ఆరిపోతాయి. మనుషులున్న ఇళ్ళకన్నా ఆ వాచీ ఇళ్ళే కళగా ఉంటాయి సాయంత్రాలు.

"గడియారం దీపాన్ని మూడుసార్లు ఆర్పి మూడుసార్లు వెలిగిస్తుందా?" అంది కటుంగె.

"చెడితే ముప్పైసార్లు వెలిగిస్తుంది."

"మన దీపం వేసి ఆర్పితే, దానికి బదులుగా వెలుగుతుందా?"

ముసెంబి కాగితం బల్ల మీద పడేశాడు. "దయ్యమంటావా? ఈ గేటు దాటి రావాలంటే దయ్యమైనా ఫోన్ నంబరు, బండి నంబరు రాసి సంతకం పెట్టాలి."

కింద కూర్చుని మందాజీ తింటున్న కనీని తలెత్తింది. నూనె వేళ్ళు గౌనుకి తుడుచుకుంది.

"దయ్యం కాదు నాన్నా, షోషో. ఊళ్ళో మీ అమ్మ, మన షోషో లేదూ, అలాగే తలకి గుడ్డ కట్టుకుంటుంది. నేను దీపం మూడుసార్లు కొడతానా, షోషో మూడుసార్లు కొడుతుంది. మొన్న రెండే కొట్టింది. నిన్న ఒకటే. షోషోకి చెయ్యి నొప్పి."

బయట గోడ మీది కరెంటు తీగ టిక్, టిక్ అని కొట్టుకుంటోంది.

"ఇదంతా నువ్వు నేర్పిందే," అన్నాడు ముసెంబి గొంతు తగ్గించి. "ఒంటరిగా కూర్చుని దాని బుర్రలో పోస్తున్నావు. ఫోన్లో ఎస్టేటు గ్రూపులో ఈ దీపం గురించి నువ్వు పెట్టిన మెసేజి కింద ఎన్ని నవ్వు బొమ్మలు పడ్డాయో చూశావా? నీ దయ్యాన్ని చూసి నవ్వారో, నీ ఇంగ్లీషు చూసి నవ్వారో."

"ఫారం టూలో బడి మానినదాన్ని అని తెలిసే చేసుకున్నావుగా. నేర్పిస్తాను, నేర్పిస్తాను అన్నావు. ఏదీ?"

"నేర్చుకోడానికి నువ్వు..."

"అను. ఆపేశావేం?"

అతను లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. "ఈ ఇంటి కోసం మచాకోస్‌లో నా వాటా నేల వదులుకున్నాను. మా అక్క సియోకావు ఈ రోజుకీ నాతో పలకదు. ఊళ్ళో పెళ్ళైనా చావైనా అందరూ, వాళ్ళు తులీవులో ఉంటారట అని చెప్పుకుంటారు. నువ్వేమో ఇక్కడ నిలబడి మేకల్ని పిలిచినట్టు పిలుస్తున్నావు."

"మేకైతే ఈపాటికి ఎవరో ఒకరు వెతికేవాళ్ళు," అంది కటుంగె.

*

ఆ సాయంత్రం ముగ్గురూ మేడ మెట్ల మలుపులో ఉన్న కిటికీ దగ్గర నిలబడ్డారు. ముసెంబి నవ్వడానికే వచ్చాడు. చేతిలో ఫోన్ పట్టుకుని, వీడియో తీసి కమిటీకి పంపుతాను, గడియారం మార్చి పోతారు అన్నాడు.

అథీ మైదానం మీంచి గాలి ఎర్రదుమ్ము మోసుకొచ్చి అద్దాలకి కొడుతోంది. పంతొమ్మిదో నంబరు ఇరవై అడుగుల దూరంలో ఉంది. తలుపు ముందు ఇనప గ్రిల్. గ్రిల్‌కి బయటినుంచి పిడికిలంత తాళం. పై గది కిటికీకి పరదా.

ఆరూ నలభై.

పై గదిలో దీపం వెలిగింది.

"చూశావా, నిమిషం తేడా లేదు," అన్నాడు ముసెంబి. "మనిషైతే ఇంత కచ్చితంగా వెలిగిస్తుందా?"

కనీని చిన్న బల్ల ఎక్కి గోడ మీది స్విచ్ అందుకుంది. వేసింది, ఆర్పింది. వేసింది, ఆర్పింది. వేసింది, ఆర్పింది. ఆడుకునే పిల్లలా లేదు ఆ ముఖం. బడిలో టీచరుకి జవాబు చెబుతున్నట్టుంది.

వాళ్ళు చూస్తూ నిలబడ్డారు. పరదా వెనక వెలుతురు కదలలేదు. ముసెంబి నవ్వబోయాడు.

దీపం ఆరింది.

మళ్ళీ వెలుగుతుందని ముగ్గురూ చూశారు. వెలగలేదు. పై గది అలాగే నల్లగా ఉండిపోయింది. పక్కన వాచీ ఇళ్ళన్నీ వరసగా వెలుగుతున్నాయి, పంతొమ్మిది మాత్రం పన్ను ఊడిన చోటులా ఉంది.

"చెడింది," అన్నాడు ముసెంబి. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వీడియో తీయలేదు.

కనీని బల్ల దిగలేదు. "అమ్మా, షోషో ఆట మర్చిపోయిందా?"

"ఏ ఆట తల్లీ?"

"నువ్వు స్నానాల గదిలో పడుకుని లేవలేదు కదా, ఆ రోజు ఆట. చీకటికి నాకు భయమేసింది. నేను దీపం వేసి ఆర్పి, వేసి ఆర్పి ఆడుకున్నాను. షోషో కూడా ఆడింది. నువ్వు లేచేదాకా ఆడింది."

కటుంగె పిల్లని బల్ల మీంచి దింపింది.

ముసెంబి ఆమె వంక తిరిగాడు. "ఏ రోజు?"

"ఆగస్టులో."

"లేవకపోవడం ఏమిటి?"

"జారి పడ్డాను. తల తగిలింది."

"ఎంతసేపు?"

కనీని చెప్పింది. "నేను రొట్టె తినేదాకా, పడుకునేదాకా, మళ్ళీ లేచేదాకా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? ఊరికి పంపేస్తావు. ఆ ఇంట్లో ఉండటం చేతకాలేదని మీ అక్క నవ్వుతుంది."

ముసెంబి మెట్లు దిగిపోయాడు. కింద మొక్కజొన్న ఉగాలి వండిన గిన్నె మూత తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టేసిన చప్పుడు వినపడింది. తినలేదు.

*

మర్నాడు ఆదివారం. చర్చికి వేసుకునే గౌను వేసుకుని కటుంగె నేరుగా పెద్ద గేటు దగ్గరికి నడిచింది. గేటు దగ్గర న్యోంగేసా ఉన్నాడు. తులీవు కట్టినప్పటి నుంచీ అతనే పగటి కాపలా. తులీవులో ఆమెని పేరడిగిన మొదటి మనిషి అతనే.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే! దేవుడింకా టై కట్టుకుంటున్నాడు."

"పంతొమ్మిది గడియారం చెడింది, న్యోంగేసా. ఎవరినైనా పంపించు."

"పంతొమ్మిదా?" అతను గోడకి వేలాడుతున్న అట్ట తీసి చూశాడు. "దానికి గడియారం ఎక్కడుందమ్మా? ఏప్రిల్ వానల్లో కాలిపోతే పీకేశాం. అమెరికా నుంచి మంచిది పంపిస్తానన్నాడు ఓనరు. ఇంతవరకూ పంపలేదు."

"మరి రోజూ వెలుగుతోందే."

"నేనూ చూశాను. పంపించాడు కాబోలు, బిగించేశారు కాబోలు అనుకున్నాను. ఠంచనుగా వెలుగుతోంది కదా."

ఠంచనుగా. ఆ మాట దగ్గరే ఆమెకి తట్టింది. ఈ దేశంలో సూర్యుడు ఏడాది పొడుగునా ఓ పావుగంట అటూ ఇటూగా ఒకే వేళకి దిగుతాడు. కిటుయిలో తన అమ్మమ్మ గుడిసెలో గడియారం లేదు. పొద్దు కొండ మీద పడగానే దీపం పెట్టేది. పక్కూరి మాస్టారు ఆ దీపం చూసి తన గడియారం సరిచేసుకునేవాడు.

ఠంచనుగా దీపం పెట్టడానికి ఒక ముసలమ్మ చాలు.

"పుస్తకం తీయి," అంది. "పంతొమ్మిదికి ఎవరొచ్చారో చూపించు."

న్యోంగేసా ఇటూ అటూ చూసి, గేటు పుస్తకం గుడ్డ చాటున పెట్టి చూపించాడు. జులై పదో తారీకు, తెల్ల వ్యాన్, మనుషులు ముగ్గురు, ఇంటి తనిఖీ. ఆ వరస మీద అడ్డంగా గీత. ఆ తర్వాత వారం విడిచి వారం అదే వ్యాన్, మనిషి ఒక్కడు, అదే తనిఖీ. చివరిది మూడు వారాల కిందట. ఆ తర్వాత ఏమీ లేదు.

"జులైలో ముగ్గురొచ్చారు కదా, వెళ్ళింది ఎంతమంది?"

"వెళ్ళేటప్పుడు బండి నంబరు మీద గీత కొట్టేస్తామమ్మా. మనుషుల్ని లెక్కపెట్టం. భయం లోపలికొచ్చేవాళ్ళతోనేగా."

అతను అంటూ అంటూ ఆగిపోయాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వెనక సీట్లో ఒక ముసలామె ఉంది," అన్నాడు మెల్లగా. "తలకి గుడ్డ. ఒళ్ళో కోడి. తులీవులోకి కోడిని తేకూడదు కదా, నేనే దింపించాను. వెళ్ళేటప్పుడు ఇస్తానన్నాను. దాని పేరు కూడా చెప్పింది నాకు. రాత్రి కాళ్ళు కట్టొద్దు, నిద్రపోదు అంది."

"ఆ కోడేది?"

"మా ఇంట్లో ఉంది. నా పెళ్ళాం పెంచుతోంది. గుడ్లు పెడుతోంది."

"ఆవిడ వెళ్ళేటప్పుడు అడగలేదా?"

న్యోంగేసా ఆమె ముఖంలోకి చూశాడు. కోడిని పేరు పెట్టి అప్పగించిన ముసలామె, దాన్ని అడక్కుండా గేటు దాటదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఊళ్ళల్లో పుట్టినవాళ్ళే.

"అడగలేదమ్మా," అన్నాడు.

*

కమిటీ ప్రెసిడెంటు వచూకా మేడమ్ వాకిట్లో గులాబీలకి నీళ్ళు పెట్టిస్తోంది. కూర్చోమనలేదు.

"కటుంగె, మా ఉత్తరం అందిందా?"

"అందింది మేడమ్. పంతొమ్మిదిలో మనిషి ఉంది. గడియారం ఏప్రిల్‌లోనే పీకేశారట. ఎవరో వెలిగిస్తున్నారు. మూడు వారాల నుంచి ఆ ఇంటికి తిండి తెచ్చేవాళ్ళు కూడా ఎవరూ రాలేదు. తాళం బయటినుంచి ఉంది."

"తాళం బయటుంటే లోపల మనిషెలా ఉంటుంది?"

"వేసి వెళ్ళిపోతే ఉంటుంది మేడమ్."

వచూకా మేడమ్ ఒక్క క్షణం తడబడింది. తర్వాత చిరునవ్వు నవ్వింది. "నీ మెసేజి చూసినప్పుడే ఓనరుకి ఫోన్ చేశాను, తీయడం లేదు. మెయిలు పెట్టాను. మంగళవారం మీటింగు ఉంది, అందులో మాట్లాడదాం."

"మంగళవారమా?"

"ఒకరింట్లోకి ఒకరు తొంగి చూడకూడదు, కటుంగె. అందుకోసమేగా మనమంతా ఇక్కడికొచ్చింది?"

కటుంగె ఏదో అనబోయింది. గొంతు దాకా వచ్చిన మాట ఇంగ్లీషులో దొరకలేదు. స్వాహిలీలో అనడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇంటికి నడిచింది. సగం దారిలో ఆగింది. పోలీసు చౌకీకి ఫోన్ చేసింది. జీపు పని మీద పోయింది, రేపు పొద్దున్నే వస్తాం అన్నారు.

ముసెంబి పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. సాయంత్రం రైలు. కటుంగె కోడి సంగతి చెప్పింది. అతను బూట్ల లేసులు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు.

ఆరయింది. అతను లేవలేదు.

"రైలు?" అంది కటుంగె.

"ఆరూ నలభై కానీ."

ముగ్గురూ కిటికీ దగ్గరికి చేరారు. మైదానం చివర సూర్యుడు దిగాడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. వాచీ ఇళ్ళల్లో దీపాలు ఒకదాని తర్వాత ఒకటి టప్ టప్‌మని వెలిగాయి, మనుషులు లేని బల్లల మీద, మనుషులు లేని కుర్చీల మీద.

నలభై. నలభై ఒకటి.

పంతొమ్మిదో నంబరు వెలగలేదు.

కనీని బల్ల ఎక్కి మూడుసార్లు వేసి ఆర్పింది. బదులు లేదు. మళ్ళీ మూడుసార్లు. "షోషో! నేనే!" అంది అద్దానికి నోరు ఆనించి.

కటుంగె ఫోన్ తీసింది. ఎస్టేటు గ్రూపులో మైకు బొత్తాం నొక్కిపట్టి, బతుకులో మొదటిసారి అక్కడ స్వాహిలీలో, తన గొంతుతో మాట్లాడింది.

"నేను కనీని అమ్మని. పద్దెనిమిది. పంతొమ్మిదిలో ఒక పెద్దావిడ ఉంది. ఇవాళ దీపం పెట్టలేదు. నేను వెళ్తున్నాను. రాగలిగినవాళ్ళు రండి."

విన్నట్టు గుర్తులు వరసగా పడ్డాయి. పది, ఇరవై, యాభై. ఒక్కరూ పలకలేదు. ఒక్క నవ్వు బొమ్మ కూడా పడలేదు ఈసారి.

తలుపు తీసుకుని ఆమె బయటికి నడిచింది. వెనక తమ కారు డిక్కీ తెరుచుకున్న చప్పుడు. ముసెంబి టైరు విప్పే ఇనప కడ్డీ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నువ్వు పిలువు," అన్నాడు. "నీకు పిలవడం వచ్చు."

"హోడీ!"

గాలి ఆ మాటని రోడ్డు వెంట మోసుకుపోయింది. అవతలింటి పరదా ఒకటి కదిలి ఆగింది.

"హోడీ, షోషో! పద్దెనిమిది నుంచి వచ్చాం. పాప వాళ్ళ అమ్మని."

గడియారానికి బదులు దీపం పెట్టడానికి తెచ్చి పెట్టినవాళ్ళు, ఎవరు పిలిచినా పలకొద్దని చెప్పి పోయారేమో. చెప్పిన మాట దాటని మనిషేమో. దూరంగా గేటు వైపు నుంచి విజిల్ మోగింది, ఎవరో పరుగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు. ఆపడానికో, సాయానికో తెలియదు. ముసెంబి కడ్డీ తాళంలో దూర్చాడు.

"ఆగు," అంది కటుంగె. "విను."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. చప్పుడు పైనుంచి కాదు. పై గది నుంచి మెట్లన్నీ దిగి, ఎలా దిగిందో, తలుపు దాకా వచ్చేసినట్టుంది. చెక్క అవతల, అడుగున, మోకాలికన్నా కింద, గోరుతో గీరిన చప్పుడు.

ఒకటి.

వెనక వాళ్ళింటి కిటికీలో కనీని దీపం వేస్తోంది, ఆర్పుతోంది.

రెండు.

కటుంగె గ్రిల్ ఊచల్లోంచి చెయ్యి దూర్చి, తలుపు అడుగున, ఆ చప్పుడు వచ్చిన చోట అరచెయ్యి ఆనించింది. చెక్క చల్లగా ఉంది. మూడోదాని కోసం ఎదురు చూసింది. పక్కన ముసెంబి బలమంతా కడ్డీ మీద వేశాడు. ఇనుము మూలిగింది గాని వీడలేదు.

మూడోది ఇంకా రాలేదు.

చదువుతున్నవారూ, ఈ వారం పుస్తకం ఇక్కడ మూసి ఒక్కసారి లేవండి. మీ గోడకి అవతల కూడా ఎవరో రోజూ ఒకే వేళకి దీపం పెడుతుంటారు. ఠంచనుగా వెలుగుతోంది కదా, అంతా బాగానే ఉంటుందిలే అని మీరూ అనుకుని ఉంటారు. వెళ్ళి తలుపు తట్టండి, పేరు పెట్టి పిలవండి. పేరు తెలియకపోతే అదే అడగండి. బదులు వచ్చేదాకా అక్కడినుంచి కదలకండి.